తెలుగు నేలపై యూదు ధర్మం: పుట్టుకా, విశ్వాసమా, ఆచరణా?

తెలుగు పాఠకులకు యూదు మతంతో ఉన్న పరిచయం చాలావరకు బైబిలు పాత నిబంధన గుండా ఏర్పడింది కాబట్టి, ఆ మతాన్ని క్రైస్తవానికి ముందు దశగా, క్రీస్తు రాకతో ముగిసిన పాత అధ్యాయంగా భావించే అలవాటు ఇక్కడ బలంగా ఉంది. వాస్తవానికి అది క్రైస్తవం పుట్టిన తరువాత కూడా తన దారిన తాను పెరిగి, రెండు వేల ఏళ్ళుగా సొంత న్యాయశాస్త్రాన్ని, వాదపద్ధతిని, గృహాచారాన్ని రూపొందించుకుంటూ వచ్చిన సజీవ ధర్మం. ఏ మతం గురించైనా ముందుగా వచ్చే ప్రశ్న, ఆ మతస్థులు ఏమి నమ్ముతారన్నది, ఈ ధర్మం విషయంలో పూర్తి జవాబు రాబట్టలేదు. యూదుడు కావడంలో పుట్టుక, విశ్వాసం, ఆచరణ అనే మూడు పోగులు కలిసి పేనుకుని ఉంటాయి. వాటిలో ఏది తెగితే బంధం తెగుతుంది, ఏది తెగినా నిలుస్తుంది అన్న ప్రశ్నకు తెలుగు నేల మీద జరిగిన రెండు చారిత్రక సంఘటనలు, ఒకదానికొకటి దాదాపు తలకిందులుగా, సమాధానం సూచిస్తాయి.

మొదటిది చంద్రగిరితో ముడిపడినది. విజయనగర పతనం తరువాత ఆరవీటి వంశపు రాజులు పెనుగొండ నుంచి చంద్రగిరికి రాజధానిని మార్చుకున్నారు. ఆ వంశానికి చెందిన పెద వేంకటరాయల కాలంలో, ఆయన సామంతుడైన దామెర్ల వేంకటాద్రి నాయకుడు 1639లో సముద్రతీరాన కొంత భూమిని ఆంగ్ల ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ఆ ఒప్పందం చంద్రగిరి కోటలోని రాజమహలులోనే ఖరారైందని స్థానికంగా చెప్పుకుంటారు. ఆ భూమి మీద లేచిన చెన్నపట్నానికి అర్ధ శతాబ్దం తిరగకముందే లండన్ నుంచి యూదు వర్తకులు వచ్చారు. కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గోల్కొండ గనుల వజ్రాలు వారిని ఇంత దూరం రప్పించాయి. బదులుగా వారు మధ్యధరా సముద్రపు పగడాలను తెచ్చి అమ్మేవారు. వారిలో ఒకడైన జాక్ ద పైవా గోల్కొండ గనుల దాకా వెళ్ళి వచ్చి, 1687లో చెన్నపట్నంలోనే మరణించాడు. మరుసటి ఏడు, 1688లో, ఏర్పడిన మద్రాసు కార్పొరేషన్ ఆల్డర్‌మన్లలో ముగ్గురు యూదు వర్తకులకు చోటు దక్కింది. పాత నల్లపట్నంలో, నేటి జార్జిటౌనులో, పగడాల వర్తకుల పేరు మోసే వీధి ఇప్పటికీ ఉంది.

ఈ వర్తకుల పూర్వ చరిత్రే ఇక్కడ ముఖ్యం. వారిలో అత్యధికులు పోర్చుగల్ మూలాలవారు. 1492లో స్పెయిన్ యూదులను వెళ్ళగొట్టగా, 1497లో పోర్చుగల్ రాజు తన దేశంలోని యూదులకు బలవంతంగా బాప్తిస్మం ఇప్పించాడు. ఆ తరువాత నాలుగైదు తరాల పాటు వారి సంతతివారు బయటికి క్రైస్తవులుగా బతికారు. చర్చికి వెళ్ళారు, పోర్చుగీసు పేర్లు పెట్టుకున్నారు, మతవిచారణ సభల భయంతో హీబ్రూ మరిచిపోయారు, సున్నతి మానుకున్నారు. వారి వారసులు ఆంస్టర్‌డామ్‌కో లండన్‌కో చేరి యూదులమని ప్రకటించుకున్నప్పుడు, సమాజం వారికి ప్రార్థనలు నేర్పింది, సున్నతి చేయించింది. అయితే వారిని కొత్తగా మతంలోకి వచ్చిన పరాయివారిగా కాక, దారి తప్పి ఇంటికి చేరిన బిడ్డలుగా లెక్కించింది. విశ్వాసం చెదిరినా, ఆచరణ నూరేళ్ళకు పైగా ఆగిపోయినా పుట్టుక అనే పోగు తెగలేదని యూదు న్యాయశాస్త్రం భావించింది.

ఈ నిర్ణయం వెనుక ఉన్న భావం నిబంధన. దేవుడు అబ్రాహాముతోనూ, ఐగుప్తు దాస్యం నుంచి విడిపించిన తరువాత సీనాయి పర్వతం దగ్గర మోషే నాయకత్వంలోని జనసమూహమంతటితోనూ ఒడంబడిక చేసుకున్నాడని, ఆ ఒడంబడిక అక్కడ నిలుచున్నవారికే కాక పుట్టబోయే తరాలకూ వర్తిస్తుందని యూదుల నమ్మకం. అంటే యూదుడు ఒక సిద్ధాంతాన్ని పరిశీలించి అంగీకరించడం వల్ల యూదుడు కాడు; తాను పుట్టకముందే తన పేర కుదిరిన ఒప్పందంలోకి పుడతాడు. ఎన్నుకోబడిన జనం అన్న మాటను ఇతరులు తరచు ఆధిక్య ప్రకటనగా అర్థం చేసుకున్నారు గానీ, సంప్రదాయంలో దానికి అదనపు బాధ్యత అన్న అర్థమే ప్రధానం. మిగిలిన మానవులందరూ నోవహు సంతతికి విధించిన ఏడు నియమాలను, అంటే విగ్రహారాధన, దైవదూషణ, హత్య, దొంగతనం, వ్యభిచారం, బతికున్న జంతువు మాంసాన్ని కోసుకు తినడం అనేవాటిని మానడం, న్యాయస్థానాలు నెలకొల్పుకోవడం అనే నియమాలను పాటిస్తే చాలునని, దైవానుగ్రహానికి వారు యూదులు కానక్కరలేదని రబ్బీల, అంటే యూదు ధర్మశాస్త్ర పండితుల, అభిప్రాయం. అందుకే ఈ ధర్మం మతప్రచారానికి పెద్దగా పూనుకోలేదు.

విశ్వాసం లేదని కాదు. దేవుడు ఒక్కడే అన్న ప్రకటనను, ద్వితీయోపదేశకాండంలో ఉన్న దానిని, యూదుడు ఉదయం, రాత్రి పఠిస్తాడు; మరణసమయంలో నోట ఉండవలసిన మాటలూ అవే. ఆ వాక్యాలను తోలుకాగితం మీద రాసి చిన్న గొట్టంలో పెట్టి గుమ్మానికి కొడతారు. తోలు పెట్టెలలో ఉంచి ప్రార్థనవేళ చేతికీ నుదుటికీ కట్టుకుంటారు. ఆ దేవునికి రూపం లేదు, ప్రతిమ చేయరాదు. అంతకంటే విచిత్రంగా తోచేది నామం విషయం. తిరుమల కొండ చుట్టుపక్కల పుట్టి పెరిగినవారికి దైవనామం నోరారా పలకవలసినది, గోవిందా అని గొంతెత్తి పిలవవలసినది. తాళ్ళపాక అన్నమాచార్యులు జీవితమంతా ఆ నామాన్ని వేల విధాల పాడాడు. యూదులు నాలుగు హీబ్రూ అక్షరాల దైవనామాన్ని ప్రార్థన పుస్తకంలో చూసి కూడా పలకరు. ఆ చోట ప్రభువు అనే అర్థమిచ్చే మాట చదువుతారు, మామూలు సంభాషణలో ఆ నామం అని మాత్రమే అంటారు. యెరూషలేము దేవాలయం ఉన్న కాలంలో ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు ఉచ్చరించిన ఆ నామం, ఆలయం కూలిన తరువాత నోటి వాడుకలో లేకుండా పోయింది. భక్తి ఒకచోట పిలుపుగానూ మరొకచోట మౌనంగానూ రూపుకట్టడంలో ఏది గాఢమైనదని తూచడం పనికిరాని పని.

అయితే ఈ విశ్వాసాలను వరుసగా పేర్చి మతసారంగా ప్రకటించడం యూదు ధర్మంలో ఆలస్యంగా జరిగింది. 12వ శతాబ్దంలో కొర్దోవాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన వైద్యుడు, తత్త్వవేత్త మైమోనిడీస్ 13 మూలసూత్రాలను చెప్పాడు: దేవుడు సృష్టికర్త, ఏకుడు, అశరీరి, అనాది, ఆరాధనకు ఆయన ఒక్కడే అర్హుడు, ప్రవక్తల మాట సత్యం, వారిలో మోషే సర్వోన్నతుడు, ధర్మశాస్త్రం దైవదత్తం, అది మారదు, దేవుడు మనుషుల క్రియలను ఎరుగును, ఫలమిస్తాడు, అభిషిక్తుడు వస్తాడు, మృతులు లేస్తారు. ఈ జాబితా ప్రార్థన పుస్తకాల్లోకి ఎక్కినా, పండితులందరూ దానికి తలవంచలేదు. 15వ శతాబ్దంలో జోసెఫ్ ఆల్బో మూలసూత్రాలను మూడుకు కుదించాడు. మరికొందరు ధర్మశాస్త్రంలో ఒక భాగాన్ని మూలమనీ మరొకదాన్ని కాదనీ విడదీయడమే తప్పన్నారు. పరలోకం గురించి, పునరుత్థానం గురించి ఎవరి ఊహ వారిదిగా వదిలేసిన ఈ సంప్రదాయం, శనివారం నాడు ఏ ముడి వేయవచ్చు, ఏది వేయరాదు అన్న విషయంలో మాత్రం పేజీలకు పేజీలు తర్కిస్తుంది.

ఈ ధోరణిని అర్థం చేసుకోవడానికి తెలుగు పండితలోకానికి తెలిసిన పూర్వమీమాంస దగ్గరి దారి. వేదంలోని విధి నిషేధ వాక్యాలను ఆధారంగా చేసుకుని ధర్మాన్ని కర్మరూపంగా నిర్ణయించిన మీమాంసకుల వలె, రబ్బీలు కూడా తోరాలో, అంటే మోషే పేర ప్రసిద్ధమైన పంచకాండాల్లో, 248 విధులు, 365 నిషేధాలు, మొత్తం 613 ఆజ్ఞలు ఉన్నాయని లెక్కించి, ఒక్కొక్క ఆజ్ఞ ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు వర్తిస్తుందో విచారించారు. తేడా ఒక్కటి: మీమాంసకుడికి వేదం కర్త లేనిది, రబ్బీకి తోరా దేవుడు ఇచ్చినది. లిఖిత ధర్మశాస్త్రంతో పాటు మౌఖిక ధర్మశాస్త్రం కూడా సీనాయి నుంచే వచ్చిందని వారి నమ్మకం. ఆ మౌఖిక పరంపర క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నాగా సంకలితమైంది, దాని మీద తరతరాల చర్చలు చేరి తల్ముద్ అయింది. తల్ముద్‌ విశేషం ఏమంటే, ఓడిపోయిన వాదాన్ని అది చెరిపివేయదు. గెలిచినవారి పక్కనే ఓడినవారి పేరూ హేతువూ నమోదవుతాయి.

అందులోని ఒక ప్రసిద్ధ వృత్తాంతం ఈ ధర్మపు మనస్తత్వాన్ని చక్కగా పట్టి చూపుతుంది. ముక్కలుగా కోసి, నడుమ ఇసుక పోసి కట్టిన పొయ్యికి మైల అంటుతుందా లేదా అన్న వివాదంలో రబ్బీ ఎలీయెజెరు ఒక్కడూ ఒకవైపు, మిగిలిన పండితులందరూ ఒకవైపు నిలిచారు. తన మాటే నిజమైతే చెట్టు కదలాలని ఎలీయెజెరు అన్నాడు, చెట్టు పెళ్లగిలి దూరాన పడింది. కాలువ వెనక్కి పారింది. పాఠశాల గోడలు ఒరిగాయి. చివరికి ఆకాశవాణి కూడా ఆయన పక్షాన పలికింది. అప్పుడు రబ్బీ యెహోషువ లేచి, ధర్మశాస్త్రం ఒకసారి మనుషుల చేతికి వచ్చిన తరువాత అది ఆకాశంలో లేదని ప్రకటించాడు; నిర్ణయం అధికసంఖ్యాకుల వాదం మీద ఆధారపడుతుందని ఆ మాటకు అర్థం. తన పిల్లలు తనను ఓడించారని దేవుడు నవ్వాడని కథ చెబుతుంది. అద్భుతాలను ప్రమాణంగా ఒప్పుకోని మతగ్రంథం అరుదు. ఆకాశవాణిని సైతం పక్కన పెట్టినది మరీ అరుదు. ఇంత దూరం వెళ్ళిన ఆ కథ అక్కడితో ఆగక, ఓడిన ఎలీయెజెరును వెలివేసిన పండితులు ఆయన కన్నీటికి జవాబుదారులయ్యారని కూడా చెప్పడంలోనే దాని గొప్పతనం ఉంది.

ఆచరణలన్నింటికీ నడిమి స్థానం విశ్రాంతిదినానిది. యూదులకు రోజు సూర్యోదయంతో కాక సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించేవరకు సబ్బాతు. అస్తమయానికి ముందే ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. అరణ్యంలో శుక్రవారం రెట్టింపుగా కురిసిన మన్నాకు గుర్తుగా రెండు రొట్టెలు బల్ల మీద ఉంచి, ద్రాక్షారసం మీద ఆశీర్వచనం చెప్పి భోజనం చేస్తారు. నిషిద్ధమైన పనిని శ్రమ అన్న అర్థంలో తీసుకుంటే ఈ దినం అర్థం కాదు. అరణ్యంలో ప్రత్యక్ష గుడారాన్ని నిర్మించడానికి అవసరమైన 39 రకాల క్రియలను, అంటే విత్తడం, కోయడం, నేయడం, రాయడం, నిప్పు రగిలించడం, ఆర్పడం వంటివాటిని, రబ్బీలు నిషేధించారు; కనుక బరువైన బల్లను ఇంట్లోనే ఒక గదిలోంచి మరో గదికి జరపడం తప్పు కాదు, ఒక అగ్గిపుల్ల గీయడం తప్పు. లోకాన్ని మార్చే శక్తిని మనిషి వారానికి ఒకరోజు వదులుకుని, లోకం తనది కాదని ఒప్పుకోవడమే ఇందులోని భావం. ఈ విశ్రాంతి యజమానికే కాక ఇంటి దాసదాసీలకు, పశువులకు కూడా వర్తిస్తుందని శాసించడం ఆనాటి లోకంలో సామాన్యమైన సంగతి కాదు. ప్రాణాపాయం ఏర్పడినప్పుడు మాత్రం సబ్బాతును మీరవచ్చు, మీరాలి కూడా. అప్పుడు వెనుకాడడమే పాపం.

ఆహార నియమాల్లో గిట్టలు చీలి నెమరువేసే జంతువుల మాంసం, రెక్కలూ పొలుసులూ ఉన్న చేపలు తినదగినవి. పంది, రొయ్య, పీత, పొలుసుల్లేని వాలుగ తినరాదు. జంతువును నిర్దిష్ట పద్ధతిలో వధించి రక్తం పూర్తిగా తీసివేయాలి. మాంసాన్నీ పాలనూ కలపరాదన్న నియమం వల్ల, పొట్టేలు కూరతో మొదలై పెరుగన్నంతో ముగిసే తెలుగు భోజనం ఆ బల్ల మీద సాధ్యం కాదు. పంచాంగం మాత్రం తెలుగువారికి సుపరిచితంగా తోస్తుంది: అమావాస్య తరువాత మొదలయ్యే చాంద్రమాసాలు, వాటిని రుతువులతో కలపడానికి 19 ఏళ్ళలో 7 అధికమాసాలు. అందువల్లనే ఐగుప్తు నుంచి విడుదలను స్మరించే పస్కా పండుగ ఎప్పుడూ వసంతకాలపు పున్నమికే, చాలా ఏళ్ళలో చైత్ర పౌర్ణమికి దగ్గరగా, వస్తుంది. ఆ రాత్రి ఇంట్లో అందరికంటే చిన్నవాడు ప్రశ్నలు అడగాలి, పెద్దలు దాస్య విమోచన కథతో జవాబు చెప్పాలి. శరత్కాలంలో కొత్త సంవత్సరం, పదవ నాడు ప్రాయశ్చిత్త దినపు సంపూర్ణ ఉపవాసం, ఆపై పర్ణశాలల పండుగ. ప్రాయశ్చిత్త దినాన దేవుని పట్ల చేసిన తప్పులకే క్షమ దొరుకుతుంది. తోటి మనిషికి చేసిన అన్యాయానికి ముందు ఆ మనిషినే వెళ్ళి వేడుకోవాలి.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని ధ్వంసం చేయడంతో బలులు ఆగిపోయాయి. వాటి స్థానాన్ని ప్రార్థన, అధ్యయనం, దానం తీసుకున్నాయి, ఇంటి భోజనపు బల్లే బలిపీఠమైంది. యాజకుని స్థానంలోకి వచ్చిన రబ్బీ పూజారి కాదు, పండితుడు మాత్రమే. సామూహిక ప్రార్థనకు పదిమంది చాలు, సాంప్రదాయిక సమాజాల్లో పదిమంది పురుషులు, సంస్కరణవాద సమాజాల్లో స్త్రీలను కూడా కలుపుకుని. చేత మోసుకుపోగల మతం కావడం వల్లనే అది కొచ్చిన్ నుంచి కొర్దోవా వరకు బతికింది.

తెలుగు నేల మీది రెండవ సంఘటన మన కాలానిది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలోనూ, మచిలీపట్నం ప్రాంతంలోనూ 1980ల చివర కొన్ని కుటుంబాలవారు తాము ఇశ్రాయేలు పది గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని, బెనె ఎఫ్రాయిం అని ప్రకటించుకున్నారు. వీరు మాదిగ సమాజంనుంచి వచ్చి, అంతకు ముందు క్రైస్తవులుగా ఉన్నవారు. వీరికి నాయకత్వం వహించిన షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరుల పూనికతో 1991లో కొత్తరెడ్డిపాలెంలో సమాజమందిరం ఏర్పడింది. శనివారపు విశ్రాంతి, యూదు పండుగలు, హీబ్రూ ప్రార్థనలు అక్కడ సాగుతున్నాయి. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు రాజులు చెరపట్టుకుపోయిన ఉత్తర గోత్రాలే అనేక దేశాల మీదుగా ఆంధ్రకు చేరాయన్న వారి కథనానికి శాసనాధారం గానీ ప్రాచీన గ్రంథాధారం గానీ చరిత్రకారులు చూపలేదు. ఈ సమాజం మీద 2013లో పుస్తకం ప్రచురించిన యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ వంటి పరిశోధకులు, కథనం నిజమా కాదా అన్నదానికంటే కులవ్యవస్థలో దాని పనేమిటన్న ప్రశ్నకు ఎక్కువ విలువ ఇచ్చారు.

ఆ పని తేలికగా కనిపించేదే. గొడ్డుమాంసం తినడాన్ని కారణంగా చూపి ఊరు ఏ జనాన్ని తన అవతల వాడలో ఉంచిందో, ఆ జనం అదే ఆహారాన్ని మోషే ధర్మశాస్త్రం అనుమతించిన ప్రాచీన ఆచారంగా, అవమానపు గుర్తును వంశపు గుర్తుగా తిప్పి చూపారు. అయితే ఇక్కడ గమనించవలసిన విశేషం మరొకటుంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒకే రోజు 2,222 మంది, ప్రధానంగా మాదిగలు, బాప్తిస్మం తీసుకున్నప్పుడు వారు పుట్టుకను అడగని, విశ్వాసాన్ని మాత్రమే అడిగే మతంలోకి వెళ్ళారు. 1956లో అంబేద్కర్ బౌద్ధాన్ని స్వీకరించినదీ జన్మను లెక్కచేయని ధర్మం కోసమే. బెనె ఎఫ్రాయిం మాత్రం పుట్టుకను కాదనలేదు. పుట్టుకకే మరొక చరిత్ర రాసుకున్నారు. జన్మతో వచ్చిన హీనతకు జన్మతోనే వచ్చిన గౌరవం తప్ప మరొక విరుగుడు లేదన్నట్లు, లోకంలో విశ్వాసం కంటే వంశానికి ఎక్కువ బరువిచ్చే మతాన్నే వారు ఎంచుకోవడం అంతరార్థం లేని సంగతి కాదు.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. యూదు న్యాయశాస్త్రం ప్రకారం యూదు తల్లికి పుట్టినవారు గానీ, ముగ్గురు సభ్యుల ధర్మాసనం ఎదుట ఆజ్ఞలను అంగీకరించి, పురుషులైతే సున్నతి పొంది, శుద్ధిస్నానం చేసినవారు గానీ యూదులు. పోర్చుగీసు వర్తకుల విషయంలో ఆచరణ లోపించినా వంశం తెలిసినది. కొత్తరెడ్డిపాలెంలో ఆచరణ ఉంది, వంశానికి రుజువు లేదు. మణిపూర్, మిజోరాం ప్రాంతాల్లో ఇలాంటి వంశకథనమే చెప్పుకునే బ్నె మెనషే సమాజాన్ని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ప్రాచీన గోత్ర సంతతిగా గుర్తించినా, వారు సైతం ఇశ్రాయేలులో స్థిరపడడానికి మతస్వీకార విధి జరుపుకోవలసి వచ్చింది. తెలుగు సమాజానికి ఆ గుర్తింపు సైతం దక్కలేదు. ఇటు భారత రాజ్యం లెక్క వేరు: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి 1956లోనూ 1990లోనూ చేసిన సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులు మాత్రమే షెడ్యూల్డు కులాలవారుగా పరిగణన పొందుతారు కాబట్టి, యూదునిగా నమోదైన మాదిగకు ఆ హోదా ఉండదు. ఒక చట్టం వారి పుట్టుకను ఒప్పుకోక, మరొక చట్టం వారి విశ్వాసాన్ని చూసి, రెండూ ఒకే మనిషిని గుమ్మం దగ్గర ఆపాయి.

మతస్వీకారం అంగీకరిస్తే సరిపోతుంది కదా అన్నది సహజమైన ప్రశ్న. గ్రంథాలు ఆ దారిని గౌరవిస్తాయి. బేత్లెహేములో బోయజు పొలంలో పరిగె ఏరుకున్న మోయాబు స్త్రీ రూతు, అత్తగారి జనాన్నీ దేవుణ్నీ తనవిగా చేసుకుని, దావీదు రాజుకు ముత్తవ్వ అయింది. పొలం అంచులు కోయక, రాలిన పరిగె ఏరక పేదలకూ పరదేశులకూ వదలాలన్న ఆజ్ఞ వల్లనే ఆమెకు ఆ పొలంలో అడుగుపెట్టే హక్కు దొరికింది. ఓబద్యా అనే నూతన యూదుడు, మా పితరుల దేవుడా అన్న ప్రార్థనను, పితరులు లేని తాను ఎలా పలకాలని అడిగినప్పుడు, మైమోనిడీస్ నిస్సంకోచంగా పలకమన్నాడు. ఈ ధర్మంలోకి వచ్చినవారందరికీ అబ్రాహామే తండ్రి అన్నది ఆయన హేతువు. మతం పుచ్చుకున్నవారిని అబ్రాహాము కుమారుడనీ, అబ్రాహాము కుమార్తె అనీ పిలవడం నేటికీ ఆచారం. ఆ ధర్మాసనం ఎదుట నిలుచునే తెలుగు బెనె ఎఫ్రాయిం మాత్రం, అబ్రాహామును తండ్రిగా పొందడానికి, ఎఫ్రాయిము తమ తండ్రి కాడని ముందుగా ఒప్పుకున్నట్లవుతుంది.